ఇంటి కంప్యూటరుకు యాంటీవైరస్: మేనకోడలికి ఒక లేఖ

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి పెదమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న ఫోనులో నీవు అడిగిన ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ద్వారకానగర్‌లో కంప్యూటరు కొన్నప్పుడు దుకాణదారు బిల్లులో కలిపి మీ చేతిలో పెట్టిన యాంటీవైరస్ పెట్టె ఇంకా తెరవలేదన్నావు. మంచిపని చేశావు. లోపలి కార్డు మీది పూత గీకి ఆ నంబరు బయటపెట్టవద్దు. గీకిన కార్డును ఏ దుకాణమూ వెనక్కు తీసుకోదు. పెట్టె పెట్టెగా ఉంటే దాన్ని తిరిగి ఇచ్చి, అదే డబ్బుకు ఇంతకంటె అవసరమైన వస్తువు అడగవచ్చు. ఆ వస్తువు ఏమిటో ఉత్తరం చివర రాస్తాను.

ఏ కంపెనీది మంచిదని నీవు అడిగావు. దానికంటె ముందు మీ ఇంట్లో ఆ కంప్యూటరు ముందు ఎవరెవరు కూర్చుంటారో చూడాలి. అల్లుడుగారు బ్యాంకు పనులు, ఆదాయపు పన్ను రిటర్నులు దాని మీదే చేస్తారు. మీ అత్తగారు మధ్యాహ్నం పూట యూట్యూబులో ప్రవచనాలు వింటారు. ఇంటర్ చదువుతున్న మన అబ్బాయి ఆటలు దింపుకుంటాడు, ప్రాజెక్టు కాగితాలు ప్రింటు తీయించడానికి పెన్ డ్రైవు పట్టుకుని నెట్ సెంటరుకు వెళ్లివస్తాడు. ఈ ముగ్గురికీ వచ్చే ప్రమాదం ఒకటి కాదు కాబట్టి ఒక్క పెట్టె కొన్నంత మాత్రాన ముగ్గురికీ రక్షణ దొరకదు.

మీరు కొన్న విండోస్ 11లో యాంటీవైరస్ ముందే ఉంది. దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి అది పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తో కలిసే వస్తోంది. వేరే ధర లేదు, ఏటా రెన్యువల్ లేదు. స్టార్ట్ నొక్కి ‘విండోస్ సెక్యూరిటీ’ అని టైపు చేస్తే డాలు బొమ్మతో ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో వైరస్ రక్షణ కింద ‘రియల్ టైమ్ ప్రొటెక్షన్’ (ఎప్పటికప్పుడు కాపలా కాసేది), ‘టాంపర్ ప్రొటెక్షన్’ (ఆ కాపలాను ఇతర ప్రోగ్రాములు ఆపకుండా చూసేది) రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో ఈ రోజే చూడు. ఒకవేళ కంప్యూటరు తయారుచేసిన కంపెనీ తనంతట తాను ఏదో ట్రయల్ యాంటీవైరస్ వేసి పంపి ఉంటే డిఫెండర్ పక్కకు తప్పుకుని ఉంటుంది. ఆ ట్రయల్‌ను పూర్తిగా తీసివేసి కంప్యూటరును మళ్లీ స్టార్ట్ చేస్తే డిఫెండర్ తిరిగి పనిలోకి వస్తుంది. గడువు తీరిన ట్రయల్‌ను నమ్ముకుని అలాగే ఉంచుకోవద్దు.

ఉచితంగా వచ్చేది గట్టిదెలా అవుతుందని దుకాణదారు అల్లుడుగారితో అన్నాడట. ఆ మాట పూర్వం ఒకప్పుడు నిజమే, ఇప్పుడు కాదు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ టెస్ట్ అనీ, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ కంపారెటివ్స్ అనీ రెండు స్వతంత్ర పరీక్షా సంస్థలు ఉన్నాయి; వాటి ఫలితాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఏవీ టెస్ట్ వారు రక్షణకు 6, వేగానికి 6, వాడుక సౌలభ్యానికి 6, మొత్తం 18 మార్కులు పెడతారు. వాడుక సౌలభ్యం అంటే ఏ దోషమూ లేని ఫైలును వైరస్ అని తప్పుగా పట్టుకోకుండా ఉండడం. చాలామంది రక్షణ మార్కులు మాత్రమే చూసి ఈ మూడో మార్కును వదిలేస్తారు. నేను ముందుగా దాన్నే చూస్తాను, ఎందుకంటే ఊరికే అరిచే యాంటీవైరస్‌ను ఇంట్లోవాళ్లు నాలుగు రోజులు భరించి అయిదో రోజు ఆపేస్తారు. డిఫెండర్ ఇటీవలి సంవత్సరాలలో ఏవీ టెస్ట్ పరీక్షలలో తరచు పూర్తి మార్కులో, వాటికి దగ్గరగానో తెచ్చుకుంటోంది.

యాంటీవైరస్‌ను మన చేత్తో మనమే ఆపడం ఎంత ప్రమాదమో నాకు జరిగినదే చెబుతాను. ఆ రోజుల్లో మీ అందరికీ ఫోటోలు పోయాయని మాత్రం చెప్పాను, ఎలా పోయాయో చెప్పలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా హాలు కిటికీ అద్దాలు పగిలి వాన నీరు కంప్యూటరు బల్ల మీదికి కొట్టింది. అదృష్టం కొద్దీ లోపలి డిస్కు పాడవలేదు. ఆ భయంతో మరుసటి నెలలోనే బయట తగిలించే హార్డ్ డిస్కు ఒకటి కొని ఫోటోలన్నీ అందులోకి కాపీ చేశాను. అది కొత్త ఫోటోలను ఎప్పటికప్పుడు తీసుకుంటుందని కంప్యూటరుకు తగిలించే ఉంచాను. 2019లో మీ పిన్ని కూతురి పెళ్లికి శుభలేఖ నేనే కూర్చాలని తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ ఉచిత ప్రతి కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. దొరికింది. దానితోపాటు దిగిన చిన్న సూచనల ఫైలులో, వేసే ముందు యాంటీవైరస్ ఆపవలెను, లేకపోతే అది తప్పుగా వైరస్ అని చూపిస్తుంది అని రాసి ఉంది. డబ్బు పెట్టి కొన్న నా యాంటీవైరస్ అప్పటికే ఎర్ర గుర్తు చూపించింది. దాన్ని నేనే ఆపేశాను.

సాయంత్రానికి ఫోటోల బొమ్మలన్నీ తెల్ల కాగితాలుగా మారిపోయాయి. ప్రతి ఫైలు పేరు చివర అర్థం లేని నాలుగు అక్షరాలు వచ్చి చేరాయి. ప్రతి ఫోల్డరులోనూ ఒక ఉత్తరం, మీ ఫైళ్లకు తాళం వేశాము, తీయాలంటే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల లోపల అయితే సగం చాలు అని. తగిలించి ఉన్న హార్డ్ డిస్కులోనూ అదే పరిస్థితి. నేను డబ్బు కట్టలేదు. కట్టినా ఫైళ్లు వస్తాయని హామీ ఏమీ లేదు, పైగా ఆ డబ్బుతోనే వాళ్లు ఇంకొకరి ఇంటి మీద పడతారు. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ వారి దగ్గర కొన్ని రకాల దాడులకు ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి, కాని నా ఫైళ్లకు సరిపోయేది దొరకలేదు. మా నాన్నగారి, అంటే మీ తాతగారి, సహస్ర చంద్ర దర్శనం నాటి ఫోటోలు ఏడు వందలకు పైగా ఉండేవి. బంధువులకు వాట్సాప్‌లో పంపిన నలభై చిన్న ఫోటోలే ఈ రోజు మనకు మిగిలినవి. అందులో నాన్నగారు ఒక్కరే ఉన్నది ఒకటి కూడా లేదు.

కాబట్టి దొంగ ప్రతుల జోలికి వెళ్లవద్దని మన అబ్బాయికి గట్టిగా చెప్పు. ఆటకు క్రాక్ అనీ, విండోస్‌కు యాక్టివేటర్ అనీ దొరికే వాటిలో యాంటీవైరస్ ఆపమని అడిగేది ఏదైనా సరే, ఆ అడగడమే దాని గుణం చెబుతోంది. వాడికి అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని మామూలు ఖాతా ఒకటి విడిగా తెరిచి, పాస్‌వర్డు అడిగే పని వచ్చినప్పుడు నిన్నో నాన్ననో పిలవమను. ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలు పేర్ల చివరి భాగం కనిపించేలా పెట్టు. ఫోటో లాగా కనిపించే ఫైలు చివర ‘ఈఎక్స్ఈ’ అని ఉంటే అది ఫోటో కాదు, ప్రోగ్రాము అని అప్పుడు తెలుస్తుంది. నెట్ సెంటరు నుంచి వచ్చిన పెన్ డ్రైవులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి కనిపిస్తే వాటి మీద నొక్కకుండా, డ్రైవు మీద కుడి మీట నొక్కి స్కాన్ చేయించాలి.

మీ అత్తగారికి వచ్చే ప్రమాదం వేరు. ప్రవచనం మధ్యలో తెర నిండా ఎర్రగా, మీ కంప్యూటరులో అయిదు వైరస్‌లు ఉన్నాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వస్తుంది. ఒక్కోసారి పెద్దగా మోత కూడా వస్తుంది. నిజమైన యాంటీవైరస్ ఎప్పుడూ ఫోన్ చేయమని అడగదు. ఫోన్ చేస్తే అవతలివాడు ఒక యాప్ వేయించి, కంప్యూటరు తన చేతిలోకి తీసుకుని, బ్యాంకు ఖాతా దాకా వెళతాడు. అలాంటిది వస్తే ఏదీ నొక్కకుండా స్విచ్ ఆపేసి నిన్ను పిలవమని అత్తయ్యగారికి నీవే నెమ్మదిగా చెప్పు. భయపడిన పెద్దవాళ్లు కోప్పడతారేమోనని దాచిపెడతారు, ఆలస్యం అక్కడే జరుగుతుంది. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు కంప్యూటరు పక్కన గోడకు అతికించు.

ఇంత చెప్పినా డబ్బు పెట్టి కొనడం ఎప్పుడూ తప్పని నేను అనను. పిల్లలు చూసే సైట్ల మీద అదుపు, ఇంట్లో అన్ని ఫోన్లకూ కలిపి ఒకే రక్షణ, ఇబ్బంది వస్తే ఫోనులో మాట్లాడే మనిషి కావాలనుకునే వారికి అది పనికివస్తుంది. పుణెలోని క్విక్ హీల్, చెన్నైలోని కే7 మన దేశపు కంపెనీలే. ఏది కొన్నా ఎన్ని కంప్యూటర్లకు, ఎన్ని సంవత్సరాలకు, రెండో ఏడాది ధర ఎంత అనేవి రాతలో చూసుకో. మొదటి ఏడాది తక్కువకు ఇచ్చి, కార్డు నంబరు దగ్గర పెట్టుకుని, రెండో ఏడాది అడగకుండా పెద్ద మొత్తం తీసుకునే పద్ధతి ఉంది. ఆటో రెన్యువల్‌ను కొన్న రోజే ఆపించు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి మాత్రం వేయవద్దు. ఒకదాని పనిని మరొకటి అనుమానించి కంప్యూటరును నత్తనడక నడిపిస్తాయి.

మీ మామగారి పాత కంప్యూటరు సంగతి కూడా అడిగావు. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్‌డేట్లు రాని విండోస్ మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా, తలుపుకు తాళం వేసి గోడకున్న కన్నం వదిలినట్లే. 2017 మే 12న వాన్నాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలు ఎవరు వేసుకోలేదో ఎక్కువగా వారే నష్టపోయారు. ఆ కంప్యూటరు విండోస్ 11కు తగినదైతే మార్పించు, కాకపోతే దాని మీద బ్యాంకు పని చేయవద్దని మామగారికి చెప్పు.

ఇక ఆ వస్తువు. యాంటీవైరస్ పెట్టె తిరిగి ఇచ్చి, పైన కొంత డబ్బు వేసి, 1 టెరాబైటు బయటి హార్డ్ డిస్కు తీసుకో. నెలకొకసారి, మొదటి ఆదివారం అనుకో, ఫోటోలూ పత్రాలూ అందులోకి కాపీ చేసి, కాపీ అయిన వెంటనే తీగ తీసేసి బీరువాలో పెట్టు. సముద్రపు గాలి తగలకుండా మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే ఇంకా మంచిది. వచ్చే ఆదివారం నేను గాజువాక వస్తున్నాను. డిస్కు తెచ్చి ఉంచితే మొదటి కాపీ నేను దగ్గరుండి చేయిస్తాను. నా దగ్గర మిగిలిన ఆ నలభై ఫోటోలు కూడా పెన్ డ్రైవులో తెస్తాను, మీ డిస్కులో ఒక ప్రతి ఉంచు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ పెదమామయ్య.