మా తరగతిలో ఐఫోన్లు రెండే ఉన్నప్పుడు ఆపిల్ గోల నాకెందుకు?

మీ ప్రశ్న సారాంశం ఇది: విశాఖ మధురవాడలో ఉంటూ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నారు, బ్రౌజర్‌లోనే త్రీడీ బొమ్మలు గీయించే వెబ్‌జీఎల్ నేర్చుకుంటున్నారు, తరగతి మొత్తం మీద ఐఫోను ఉన్నవాళ్ళు ఇద్దరే. వెబ్ ప్రమాణాలను సంఘాలు కూర్చుని నిర్ణయిస్తాయి కదా, ఒక్క కంప్యూటర్ కంపెనీకి జడవడం ఎందుకు? 2019లో నేనూ అచ్చంగా ఇలాగే అనుకున్నాను.

అప్పట్లో ఒక బిల్డరు ఎండాడలో అపార్టుమెంటు కడుతున్నాడు. కొనేవారు లింకు నొక్కగానే గదుల్లో తిరిగినట్లు ఉండాలి, బాల్కనీలోంచి సముద్రం కనిపించాలి అని పని అప్పగించాడు. (నిజానికి సముద్రం ఏడో అంతస్తుకు గానీ కనిపించదు. బొమ్మలో మాత్రం మూడో అంతస్తు నుంచే చూపించమన్నాడు. అది వేరే కథ.) లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడు) ఏదీ వాడకుండా అంతా సొంతంగా రాయాలని నాకు పంతం. వెబ్‌జీఎల్ 2 వచ్చి అప్పటికి రెండేళ్ళు దాటింది, దాంతోనే రాశాను. నా లాప్‌టాప్‌లోనూ, ఆఫీసులో ఉన్న నాలుగు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ హాయిగా తిరిగింది.

సిరిపురంలోని బిల్డరు ఆఫీసుకు మొదటగా వచ్చినది రిటైరైన ఒక పెద్దాయన. ఉండబోయేది ఆయనే అయినా డబ్బు పెట్టేది అమెరికాలో ఉన్న కూతురు. ఫోను స్పీకరులో పెట్టి ఆవిడకు లింకు పంపాం. ఆవిడది ఐఫోను. తెల్ల పేజీ వచ్చింది. "సఫారీ వద్దండీ, క్రోమ్‌లో తెరవండి" అన్నాను ధీమాగా. క్రోమ్‌లోనూ తెల్ల పేజీయే. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని "బాబూ, సముద్రం ఏదీ?" అన్నారు.

తప్పు నాదే. వెబ్‌జీఎల్ 2 కావాలని అడిగినప్పుడు బ్రౌజర్ "నల్", అంటే లేదు, అని తిరిగి ఇస్తే ఏం చేయాలో నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఏ బ్రౌజర్‌లో ఏముందో చూపించే పట్టికలు ఉచితంగా దొరికే రోజుల్లో అది బద్ధకమే. క్రోమ్‌లో తెరవమని చెప్పడం మాత్రం అజ్ఞానం. ఐఫోనులో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల నడిచేది ఆపిల్ వారి వెబ్‌కిట్ ఇంజనే. అది యాప్ స్టోర్ నిబంధన. పేరు, బొమ్మ, బుక్‌మార్కులు వేరు కావచ్చు, గీసే చెయ్యి ఒక్కటే. 2024 మార్చిలో యూరోపియన్ యూనియన్ చట్టం కారణంగా అక్కడి ఐఫోన్లలో వేరే ఇంజన్లకు అనుమతి వచ్చింది. 2025 డిసెంబరులో జపాన్‌లోనూ వచ్చింది. మనకు మాత్రం కాదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్ళు అంటారే, అదే. వెబ్‌జీఎల్ తొలి ప్రమాణాన్ని గ్రాఫిక్స్ ప్రమాణాలు రూపొందించే కంపెనీల కూటమి క్రోనోస్ 2011లో విడుదల చేసింది. దాన్ని రూపొందించిన బృందంలో ఆపిల్ కూడా ఉంది. ఐఫోను సఫారీలోకి అది వచ్చింది 2014లో, ఐఓఎస్ 8తో, అంటే మనకు హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది. వెబ్‌జీఎల్ 2 క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో 2017 జనవరిలో వచ్చింది, సఫారీలో 2021 సెప్టెంబరులో. ఆ నాలుగున్నరేళ్ళూ ప్రమాణం కాగితం మీద ఉంది, కొనేవాళ్ళ చేతిలో లేదు. ఎవరూ కాదనలేదు, ఎక్కడా ఓటింగులో ఓడించలేదు. ఆపిల్ వారు ఊరికే ఆగారు. నా దృష్టిలో ఆపిల్ పలుకుబడిలో అతి బలమైనది ఈ ఆగడమే.

ఇవ్వడంలో మాత్రం ఒక్కోసారి అందరికంటే ముందున్నారు, ఒప్పుకోవాలి. మీరు గీసే కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) 2004లో ఆపిల్ తన మాక్‌లోని డాష్‌బోర్డు విడ్జెట్లనే చిట్టి యాప్‌ల కోసం చేసుకున్నదే. ముందు చేసేశారు, చర్చ తరువాత జరిగింది. ఫైర్‌ఫాక్స్, ఒపేరా అనుసరించాక ప్రమాణమైంది. పేజీని ఫోను తెరకు సరిపెట్టడానికి ప్రతి పేజీలో అలవాటుగా అతికించే వ్యూపోర్ట్ మెటా ట్యాగు కూడా 2007 నాటి ఐఫోనుతో వచ్చినదే. పేజీ రూపాన్ని దిద్దే భాష సీఎస్ఎస్‌లో కదలికలు, ట్రాన్స్‌ఫార్మ్‌లు (తిప్పడం, సాగదీయడం) వెబ్‌కిట్ ప్రతిపాదనలుగానే మొదలయ్యాయి. డెవలపర్లు వాటిని పేరు ముందు "-webkit-" అని తగిలించి ఎంతగా రాసేశారంటే, 2012లో ఒపేరా తన బ్రౌజరులో ఆ పరాయి పేరును తానే గుర్తించక తప్పలేదు. ఇక ఒకప్పుడు బ్రౌజర్‌లో ఆటలు, వీడియోలు నడిపిన అడోబీ వారి ఫ్లాష్ సంగతి తెలిసిందే. ఐఫోనులోకి దాన్ని రానివ్వలేదు, 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఉత్తరం రాశారు, మరుసటి ఏడాది మొబైల్ ఫ్లాష్‌ను అడోబీయే ఆపేసింది.

వెబ్‌జీఎల్ తరువాతి తరమైన వెబ్‌జీపీయూ కథ ఇంకా చిత్రం. 2017లో ఆ పేరుతో ప్రతిపాదన పెట్టి చర్చ మొదలుపెట్టినదే ఆపిల్. ఆ తరువాత షేడర్లు (గ్రాఫిక్స్ చిప్‌లో నడిచే చిన్న ప్రోగ్రాములు) రాసే భాష మీద ఏళ్ళ తరబడి వాదన. అప్పటికే ఉన్న స్పిర్-వీ అనే బైనరీ రూపం సరిపోతుందని ఒక పక్షం, మనిషి చదవగల పాఠ్యంగా ఉండాలని ఆపిల్. చివరికి డబ్ల్యూజీఎస్ఎల్ అనే కొత్త పాఠ్య భాష పుట్టింది. తీరా క్రోమ్ 2023లోనే విడుదల చేస్తే, సఫారీలో అందరికీ అందింది 2025 సెప్టెంబరులో. సంబంధం తెచ్చినవారే పెళ్ళికి చివరి బస్సులో దిగినట్లయింది.

ఆగడంలో న్యాయం లేదని అనను. ఎవరో రాసిన షేడర్ మన ఫోనులోని గ్రాఫిక్స్ డ్రైవరు దాకా వెళ్ళడం భద్రతకు చిన్న విషయం కాదు. 2011లో మైక్రోసాఫ్ట్ కూడా ఇదే కారణం చెప్పి వెబ్‌జీఎల్ వద్దంది. అయితే మైక్రోసాఫ్ట్ వద్దన్నప్పుడు ఆ కంప్యూటరులోనే ఫైర్‌ఫాక్స్ వేసుకుని పని కానిచ్చుకున్నాం. ఐఫోనులో ఆ దారి లేదు. రెండింటికీ తేడా అదే.

నా పని సంగతికి వస్తే, పది రాత్రులు కూర్చుని వెబ్‌జీఎల్ 1కు మార్చాను. షేడర్లలో "ఇన్", "అవుట్" తీసేసి "యాట్రిబ్యూట్", "వేరీయింగ్" పెట్టుకోవడం సులువే. వేధించింది నేల పలకలు. నా టెక్స్చర్లు (నేల మీద, గోడల మీద అతికించే బొమ్మలు) వెయ్యి పిక్సెళ్ళ చదరాలు. పాత ప్రమాణంలో టెక్స్చరును పదే పదే పరవాలంటే కొలత 512, 1024 లాగా 2కు ఘాతమై ఉండాలి. అది మరిచిపోయినందుకు ఇల్లంతా బొగ్గు పరిచినట్లు నల్లగా వచ్చింది. 1024కు మార్చాక పాలరాయి కనిపించింది. పెద్దాయన కూతురు చూసింది. ఫ్లాటు కొన్నారో లేదో బిల్డరు నాకు చెప్పలేదు.

మీకు నా సలహా. ఈరోజు మొదలుపెట్టేవారు వెబ్‌జీఎల్ 2లో చెయ్యి తిరిగేలా సాధన చేస్తూ, వెబ్‌జీపీయూను పక్కనే నేర్చుకోండి. వెబ్‌జీపీయూ ఉందో లేదో అడిగి, లేకపోతే వెబ్‌జీఎల్ 2కు దిగేలా మొదటి రోజే రాయండి. ఐఫోనులోని పేజీని లోపల విప్పి చూడాలంటే ఆపిల్ ఇచ్చే ఇన్‌స్పెక్టరుకు మాక్ కావాలి, ఇది మనలాంటి వారికి దొంగదెబ్బ. నేను పాత మాక్ మినీ ఒకటి కొని, దానికి తెర లేక ఇంట్లో టీవీకి తగిలించుకున్నాను. మీరు ఇప్పుడే కొనకండి. తరగతిలో ఆ ఇద్దరితో కాస్త స్నేహంగా ఉండండి, నెలకో గంట ఫోను ఇస్తే చాలు.