పసిబిడ్డతోని ఫిల్మ్ సిటీకి పోయేటప్పుడు: పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

ఐదు నెలల పాపను ఎత్తుకోని రామోజీ ఫిల్మ్ సిటీకి పోవచ్చునా అని అడిగితివి. పోవచ్చు. ఫోన్ల చెప్తే సగం ఇనిపియ్యదు, ఇంకో సగం పాప ఏడుపుల కొట్టుకపోతది, అందుకే కూసోని రాస్తున్న. అల్లుడు కూడ చదవాలె, ఆయనకు చెప్పేటియి కూడ ఉన్నయి ఇండ్ల.

మీ అత్తమ్మ వద్దంటున్నది పాప మీద పాయిరంతోనే, ఆమెను ఏమనకు. కని పాపను నల్లగొండల ఆమె దగ్గర పెట్టి పోదామని అల్లుడు అంటున్నడు సూడు, అది కుదరదు. పొద్దుగాల పోయి రాత్రి వచ్చేదాక తల్లిపాలు తాగే పిల్ల ఆగదు. నీకూ పాలు చేపుకొచ్చి రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చినట్టయితది. పోతే నలుగురు కలిసే పోవాలె. పెద్దోడు ఎన్నటి సంది అడుగుతున్నడో, వాడి ముచ్చట తీరాలె. కాన్పయినంక నువ్వు దవాఖానకు తప్ప ఏడికీ పోయింది లేదు, నీ ముచ్చటా తీరాలె. పాపకు ఫిల్మ్ సిటీ అంటే ఏందో తెల్వదు. ఆమెకు కావాల్సింది పాలు, నిద్ర, నీ ఒడి. ఆ మూడు టైముకు అందుతుంటే ఏడున్నా హాయిగ ఉంటది. ఒక్కటి తప్పినా అందరికీ ఆ రోజు చెడుతది. అందుకని ఆ రోజు గడియారం పాపదే, మిగిలినోళ్ల ముచ్చట్లన్నీ ఆ సందులల్ల ఇముడ్చుకోవాలె. అంగన్‌వాడీల ఇన్నేండ్లు పిల్లల నడుమ ఉండి చెప్తున్న మాట ఇది.

తారీఖు సంగతి మొదలు చూడుండ్రి. సంక్రాంతి సెలవులల్ల మాత్రం వద్దు. విజయవాడ రోడ్డు అప్పుడు ఎట్లుంటదో నీకు తెల్వంది కాదు. భోగికి ముందు హైదరాబాద్ పట్నం నుంచి వచ్చే కార్లన్నీ పంతంగి టోల్‌గేట్ కాడ బారులు కడతయి, పండుగ అయినంక అదే బారు మల్ల పట్నం దిక్కు తిరుగుతది. ముందు పోతే వచ్చేటప్పుడు చిక్కుతరు, వెనుక పోతే పోయేటప్పుడే చిక్కుతరు. కదలని కారుల పసిపిల్లతోని కూసునుడు ఎంత కష్టమో పగోనికి కూడ వద్దు. డిసెంబర్‌ల ఆదివారం కాకుంట ఒక మంగళవారమో బుధవారమో చూసుకోండ్రి. చలికాలం పొద్దుగాల రోడ్డు మీద మంచు కమ్ముతది, ఎండ పొడిచినంకనే బండి తియ్యుమని అల్లునికి చెప్పు. పద్నాలుగు వారాల సూదులు అయిపోయినయి గదా, సర్కారు దవాఖాన లెక్కల మల్ల సూది తొమ్మిది నెలలకే. కాబట్టి సూది జ్వరం భయం లేదు. ఇంట్ల ఎవరికన్న జలుబు దగ్గు ఉంటే మాత్రం వారం జరుపుండ్రి.

మహబూబ్‌నగర్ నుంచి మీ ఆడబిడ్డ వాళ్లు వండర్లాకు రమ్మంటున్నరంటివి. వాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ మీదికెల్లి వచ్చి శంషాబాద్ కాడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రావిర్యాల దగ్గర పడతది, నిజమే. కని అది సగం నీళ్ల ఆట. ఇంత పసిపిల్లను ఆ నీళ్లల్ల దించుడు లేదు. అంత చల్లటి నీళ్లల్ల పసిపిల్ల ఒంటి వేడి జల్దీ దిగిపోతది. మిగిలిన ఆటలల్ల ఎత్తు కొలిచి ఎక్కిస్తరు, ఐదేండ్ల పెద్దోనికి కూడ చానా వాటికి ఎత్తు సాలదు. నువ్వు గట్టు మీద పాపను పట్టుకోని తడి బట్టల కాపలా కూసోవాల్సి వస్తది. పాప నడక నేర్చి, పెద్దోడు ఇంకింత పొడుగయినంక పోండ్రి. ఈసారి వాళ్లనే ఫిల్మ్ సిటీకి రమ్మను. కుదరకపోతే ఇంకోనాడు మీరే వాళ్ల పాలమూరు పోయి పిల్లలమర్రి పెద్ద మర్రిచెట్టు కాడ ఒక పూట గడుపుండ్రి. అంత నీడ, అంత సల్లదనం పసిపిల్లకు ఇంకేడ దొరుకుతది?

పోయే ముందు వారం నల్లగొండ పక్కనున్న పానగల్లు పోయి రండ్రి. ఛాయా సోమేశ్వర గుడి చూసి, ఉదయ సముద్రం కట్ట మీద జరసేపు తిరిగి ఇంటికి రండ్రి. ఆ రోజు ఏ సంచి తీస్కపోవాల్ననుకుంటున్నరో అదే సంచి, పాపను ఛాతీకి కట్టుకునే అదే క్యారియర్, అదే తోపుడుబండి పట్టుకపోవాలె. ఏది పనికొస్తదో, ఏది ఉత్త మోతనో ఆ ఒక్క పూటల తేలిపోతది. పాప ఎంతసేపు మెలకువ ఉండి నిద్రకు వస్తదో కూడ ఆ వారమంత చూసి రాసి పెట్టుకో. ఈ వయసుల రెండు గంటలకు అటు ఇటుగ కండ్లు నలుపుతది, చెవి పీక్కుంటది, మొఖం పక్కకు తిప్పుకుంటది. అప్పుడే నీడకు తీస్కపోయి పాలిచ్చి పండవెట్టాలె. ఏడుపు మొదలైనంక చూద్దామంటే ఆలస్యమైనట్టే.

కారుల పాపను ఒళ్ల పెట్టుకోవద్దు. ఈ మాటకు నేను ఒప్పుకోను, మీ మామ చెప్పినా ఒప్పుకోను. ముందు సీట్ల ఒళ్ల పిల్లను పెట్టుకోని పోయేటోళ్లను చూస్తే గుండె జల్లుమంటది. గట్టి బ్రేకు పడితే ఎంత బలమున్న చేతులైనా పిల్లను ఆపలేవు, ముందట ఎయిర్‌బ్యాగ్ తెరుసుకుంటే ఇంకా ఘోరం. పసిపిల్లల కారు సీటు దొరుకుతది, కొనుండ్రి, లేకుంటే తెలిసినోళ్లను అడిగి తెచ్చుకోండ్రి. వెనుక సీట్ల, పాప మొఖం వెనుకకు ఉండేటట్టు కట్టాలె. చెర్వుగట్టు గుడి కాడ ఒక దండం పెట్టుకోని, నార్కట్‌పల్లిల హైవే ఎక్కినంక చౌటుప్పల్ కాడ తప్పకుంట ఆగి, పాపను బయటికి తీసి, పాలిచ్చి, డైపర్ మార్చి బయల్దేరుండ్రి. నడిచే కారుల పాలియ్యొద్దు. పాప ఏడిస్తే పక్కకు ఆపుండ్రి, పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ పోదు.

డబ్బపాలు కూడ ఒక పూట పడుతున్నవు గాబట్టి నీళ్ల సంగతి గట్టిగ చెప్తున్న. మీ అత్తగారి సొంతూరు మునుగోడు దిక్కు. ఆ దిక్కు, మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఏం చేసిందో మా తరం కండ్లార చూసింది, వంగిన నడుములు, వంకరపోయిన కాళ్లు. చానా మంది నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోతదనుకుంటరు. పోదు. కాగితే పురుగు చస్తది, ఫ్లోరైడ్ అట్లనే ఉంటది, నీళ్లు ఆవిరైన కొద్ది ఇంకింత చిక్కవడతది. అందుకని పాప పాలకు బోరు నీళ్లు ముట్టొద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి, బాగ కాగబెట్టి ఫ్లాస్కుల పోసుకోండ్రి. ఆ పథకానికి 2015ల పైలాన్ కట్టింది మీరు ఆగే చౌటుప్పల్‌లనే. పొడి వేరే డబ్బల, నీళ్లు ఫ్లాస్కుల ఉండాలె. పాప తాగేటప్పుడే వేడి నీళ్లల్ల పొడి కలిపి, సీసాను చల్లటి నీళ్లల్ల పెట్టి ఆరవెట్టి, మణికట్టు మీద ఒక చుక్క ఏసి చూసి పట్టాలె. ఇంటికాడ కలిపి సీసల పోసుకపోతే దారిల చెడుతయి. తాగంగ మిగిలినయి దాచిపెట్టొద్దు, పారబొయ్యి. ఆరు నెలలు నిండేదాక ఉత్త నీళ్లు, గ్రైప్ వాటర్, తేనె చుక్క ఏవీ వద్దు. ఎండల తిరుగుతున్నది, జర నీళ్లు పట్టియ్యమ్మా అని ఎవరన్న పెద్దమనిషి అంటే ఊఁ అని నవ్వి, పాలియ్యి. తేనె ఏడాది నిండేదాక ముట్టియ్యద్దు.

ఫిల్మ్ సిటీ 1996ల తెరిచిన్రు. ప్రపంచంల పెద్ద స్టూడియో అని గిన్నిస్‌ల ఎక్కింది, కాలినడకన తిరిగేది కాదు. టికెట్లు తీసుకున్న కాడికెల్లి లోపలికి బస్సులనే తీస్కపోతరు, సెట్లు కూడ ఎర్ర బస్సులల్ల తిప్పుకుంట చూపిస్తరు. కాబట్టి తోపుడుబండి ఒక్క చేత్తోని మడిచేది అయితేనే తీస్కపోండ్రి, లేకుంటే బస్సు ఎక్కినప్పుడల్ల దానితోనే కొట్లాట. ఛాతీకి కట్టుకునే క్యారియర్ మంచిది. కట్టుకున్నంక ఒకసారి చూసుకో. పాప గడ్డం ఛాతీకి ఆనొద్దు, గడ్డం కింద రెండు వేళ్లు దూరాలె, తల వంచితే ఆమె నెత్తి మీద ముద్దు పెట్టేటంత పైకి ఉండాలె, ముక్కు నోరు నీకు కనవడాలె. చున్నీ మొఖం మీదికి జారకుంట చూసుకో. బస్సు పర్యటన పాపకు ఏమీ కష్టం కాదు, ఆ ఊగుడుకు నిద్రపోతది. ఆ నిద్రల మీరు సెట్లు చూడుండ్రి, పెద్దోనికి చెప్పుండ్రి.

ఆటల బండ్ల మీదికి మాత్రం పాపను ఎక్కియ్యొద్దు. చిన్న పిల్లలదే కదా, మెల్లగనే తిరుగుతది అని ఎవరన్నా వద్దు. మెడ నిలబడ్డదే మొన్న. కుదుపు ఒక్కటి గట్టిగ తగిలినా ఆ మెడకు, లోపల మెదడుకు మంచిది కాదు. తుపాకుల స్టంట్ షో ఉంటది, పెద్దోడు అడుగుతడు. అల్లుడు వాణ్ని తీస్కపోవాలె, నువ్వు పాపను పట్టుకోని దూరంగ తోటల దిక్కు పో. ఆ చప్పుడు పసి చెవులకు ఎక్కువ. పిట్టల పార్కు, సీతాకోకచిలుకల తోట పాపను ఎత్తుకోని నిమ్మళంగ చూసేటియి.

డిసెంబర్ల కూడ నడిపొద్దు ఎండ సురుక్కుమంటది. పన్నెండు నుంచి మూడు దాక చెట్టు కింద గనీ, లోపలి హాళ్లల్ల గనీ ఉండాలె. టోపీ, పల్చటి నూలు చొక్కా చాలు. ఎండకు పూసే క్రీము ఆరు నెలల లోపు పిల్లలకు వద్దు, నీడనే దారి. తోపుడుబండి మీద మందపు టవల్ కప్పి నిద్రపుచ్చుతరు చూడు, అది చెయ్యకు. గాలి ఆడక లోపల ఎండల మూసిపెట్టిన కారు లెక్క ఉడుకుతది, బయట ఉన్న మనకు తెల్వదు. పాపకు ఉడుకవోస్తుందా అని కాళ్లు చేతులు ముట్టి చూస్తరు, అవి ఎప్పుడూ సల్లగనే ఉంటయి. మెడ వెనుక, చొక్కా లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడు. అక్కడ చెమటతోని జిగటగ ఉంటే ఒక బట్ట తీసెయ్యి. సల్లగుంటే ఒకటి కప్పు. గంటకోసారి ఇట్ల చూసుకో. పొద్దు గూకంగనే సలి దిగుతది, దోమలు లేస్తయి, అందుకే అప్పటికి కాళ్లకు సాక్సులు, చెవులకు టోపీ ఏసి ఉండాలె.

అల్లుడా, ఇది నీకు. ఆటలన్నీ నువ్వూ పెద్దోడూ ఎక్కి, మా బిడ్డ బల్ల మీద పాపతోని కూసుంటే అది ప్రయాణం కాదు. ఆమె ఇంట్ల చేసే పనే అక్కడ కూడ చేసినట్టు. వంతులు పెట్టుకోండ్రి. పాప కడుపు నిండ పాలు తాగి పండుకున్నంక తోపుడుబండి నీ దగ్గర, ఆమె పెద్దోని చెయ్యి పట్టుకోని తనకు నచ్చింది చూసి వస్తది. లేసి ఏడిస్తే ఎత్తుకోని తిరుగు, వెంటనే ఫోన్ కొట్టి పిలువకు. డైపర్ మార్చుడు కూడ రెండుసార్లు నీ వంతు. మా బిడ్డకు ఆపరేషన్ అయిన కాన్పు, కుదిపే ఆటలు ఏవన్న ఎక్కాలనుకుంటే డాక్టరమ్మను ముందే అడగాలె. ఆమె నీళ్ల సీస ఎప్పుడూ నిండి ఉండేటట్టు చూసుకో, పాలిచ్చే తల్లికి దప్పి ఎక్కువ.

పాలిచ్చేందుకు మరుగుదొడ్లకు పోకు బిడ్డా. పాలు తాగుడు తిండి తినుడే, శుభ్రమైన కాడ కూసోని ఇయ్యాలె. పెద్ద చున్నీ కప్పుకో, లేదంటే అక్కడ పనిచేసే ఆడపిల్లలను అడుగు, ఒక గది చూపిస్తరు. ఎవరో ముద్దుగుందని పాపను ముద్దు పెట్టవస్తే వద్దని మొఖం మీదనే చెప్పు, మొహమాటం అవసరం లేదు. దిష్టి భయముంటే అరికాల్ల చుక్క పెట్టు, కండ్లల్ల కాటుక పెట్టకు.

సంచిల గంటన్నరకు ఒకటి లెక్కన డైపర్లు, పైన మూడు ఎక్కువ, రెండు జతల బట్టలు, నీకొక జాకెట్టు లేదా కుర్తా, నూలు గుడ్డలు, వాడినయి పెట్టేందుకు కవర్లు, జ్వరం కొలిచే థర్మామీటర్, టీకాల కార్డు. గంతే. ఫిల్మ్ సిటీకి ఒకసారి ఫోన్ చేసి పాప పాలు, తిండి లోపలికి రానిస్తరా, టికెట్ ఏ వయసు నుంచో కనుక్కోండ్రి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, ఆరు గంటలు మూత్రం పొయ్యకపోయినా, పాలు పట్టకుంట మత్తుగ పడున్నా ఇంటికి పోయినంక చూద్దామనుకోవద్దు. చౌటుప్పల్‌ల సర్కారు దవాఖాన ఉన్నది, పట్నం దిక్కు హయత్‌నగర్, ఎల్బీనగర్‌ల దవాఖానలున్నయి, 108 ఉన్నది. అల్లుడు వాటి నంబర్లు ముందే రాసి పెట్టుకోవాలె.

సాయంత్రం నాలుగున్నరకు బయటికి రండ్రి, ఏమన్న చూసుడు మిగిలినా సరే. వనస్థలిపురంల మీ చిన్నమ్మ ఇంట్ల రాత్రి పండుకోని తెల్లారి రండ్రి, ఒక్కటే రోజుల పోయి వచ్చుడు పాపకు ఎక్కువైతది. ఆమెకు నేను చెప్పిన, పాత తొట్టెల దించి కడిగిపెట్టింది. తారీఖు ఖాయం కాంగనే నాకు చెప్పు, మన పక్కింటి పిల్ల చేతికి నూలు గుడ్డలు ఇచ్చి నకిరేకల్ బస్సుల పంపిస్త. పానగల్లు పోయి వచ్చినంక ఎట్లయిందో ఆ రాత్రే ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ