బయానా తీసుకోకముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి పదేళ్లుగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. చేతికి 38 వేలు వస్తుంది. నా భార్య రణస్థలంలో ప్రైవేటు స్కూల్ టీచరు, 11 వేలు. పాప ఒకటో తరగతి. ల్యాబ్‌లో లెక్కలకి ఎక్సెల్ మాక్రోలు నేనే రాస్తుంటాను. విదేశాల్లో కంప్యూటర్ సైన్స్ చదివి అటు మారిపోవాలని ఉంది. యూకేలో ఏడాది ఎమ్మెస్సీకి అన్నీ కలిపి 42 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. జర్మనీ అయితే ఫ్రీ అంటున్నాడు స్నేహితుడు. ఎఫ్‌డీ 4 లక్షలు, పీఎఫ్ 5 లక్షలు, ఇంట్లో 12 తులాల బంగారం ఉన్నాయి. కవిటి దగ్గర నాన్నకి ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. తిత్లీ తుపానుకి చెట్లన్నీ పోతే 2019లో మళ్లీ మొక్కలు వేశారు, ఇప్పుడిప్పుడే కాపు అందుకుంటోంది. 30 లక్షలకు బేరం వచ్చింది. సంక్రాంతి వెళ్లాక బయానా ఇస్తామంటున్నారు. నాన్నకి క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా ఉంది. తోట అమ్మి వెళ్లనా, బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోనా?

జవాబు: 2018 అక్టోబరులో తిత్లీ వెళ్లిన మర్నాడు మీ కవిటి వైపు ఉద్దానం ప్రాంతం చూసినవాళ్లెవరూ మీ నాన్నగారి తోట మాట తేలిగ్గా చదవలేరు. ఆరేళ్లు నీళ్లు పోసి, ఎరువు వేసి, ఒక్క కాయ అమ్ముకోకుండా పెంచిన తోట అది. కాయ చేతికొచ్చే ఏడు దాన్ని అమ్మడమంటే చూడి ఆవుని ఈనే ముందు సంతకి తోలడమే. సరే, అది మనసుకి సంబంధించిన మాట. లెక్కలోకి వద్దాం.

ముందు మీ రెండో ప్రశ్న, ఎందుకంటే దానికి జవాబు చిన్నది. తోట పెట్టుకుని బ్యాంకులు చదువు లోన్ ఇవ్వడం చాలా అరుదు. బాకీ పడితే కోర్టు మెట్లెక్కకుండా ఆస్తి వేలం వేసుకునే వీలు 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకి ఇచ్చింది గానీ, వ్యవసాయ భూమిని అందులోంచి మినహాయించింది. అందుకే మేనేజరు ఇల్లుందా, సైటుందా, ఎఫ్‌డీ ఉందా అని అడుగుతారు. తాకట్టు లేకుండా ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షల దాకా వస్తుంది. అంతకుమించి కావాలంటే మీకు సీటిచ్చిన యూనివర్సిటీ ఆ బ్యాంకు జాబితాలో ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. చదువుకి అప్పు ఎంత చేయొచ్చు అని అడిగిన ప్రతివాళ్లకీ నేను ఒకటే కొలత చెబుతాను. వీసా కలిసిరాక వెనక్కి వచ్చి విశాఖలో ఉద్యోగంలో చేరారనుకోండి. ఆ జీతంలో మూడో వంతుతో తీరే అప్పే చేయాలి. లండన్ జీతం చూసుకుని లండన్ అప్పు చేయకూడదు.

36 ఏళ్ల వయసులో, కొత్త రంగంలో మొదటి ఉద్యోగం. నెలకు 42 వేలు వస్తుందనుకుందాం, ఇది నా అంచనా. మూడో వంతు 14 వేలు. 10.5 శాతం వడ్డీకి, 15 ఏళ్ల వాయిదాకి, లక్షకు నెలకు 1,105 రూపాయలు కట్టాలి. చదివే ఏడాది, ఆ తర్వాత ఆరు నెలలు వాయిదా ఉండదు గానీ వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. అది కూడా కలుపుకుంటే మీరు చేయదగ్గ అప్పు 11 లక్షల దగ్గర ఆగిపోతుంది. కన్సల్టెన్సీ చెప్పిన 42 లక్షలూ అప్పే అయితే నెలకు 53 వేల పైన కట్టాలి, తీరేసరికి మీకు 50 దాటుతుంది.

తోట అమ్మి 30 లక్షలు, ఎఫ్‌డీ 4 లక్షలు వేసుకుంటే అప్పు 8 లక్షలే, మీ కొలతలో పట్టింది కదా అంటారు. పట్టలేదు. తోట డబ్బూ అప్పే. నాన్నగారి దగ్గర చేసిన అప్పు. నోటు రాయరు, వాయిదా అడగరు, అంతే తేడా. ఆ 30 లక్షలు 15 ఏళ్లలో ఆయనకు తిరిగి ఇవ్వాలంటే, పైసా వడ్డీ లేకుండానే, నెలకు 16,666 రూపాయలు. బ్యాంకు వాయిదా దానికి అదనం. ఇవి కాక ఏడాదిన్నర మానేసుకునే మీ జీతం దగ్గర దగ్గర 7 లక్షలు. కన్సల్టెన్సీ కాగితంలో ఈ అంకె ఎప్పుడూ ఉండదు.

యూకే గురించి మీకు చెప్పారో లేదో. 2024 జనవరి నుంచి ఇలాంటి ఎమ్మెస్సీలకి వెళ్లేవాళ్లు భార్యాబిడ్డల్ని డిపెండెంట్లుగా తీసుకెళ్లడానికి లేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకి అది 18 నెలలే. 2026 సెప్టెంబరులో చేరితే మీరు సరిగ్గా ఆ గీత దాటాక బయటికొస్తారు. ఆ 18 నెలల్లో వర్క్ వీసాకి స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకి 33,400 పౌండ్లు తగ్గకూడదు. కుర్రాళ్లకే అక్కడ చెమటలు పడుతున్నాయి.

జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ వీసాకి ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు, నెలకి కొంత చొప్పునే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. మన సర్టిఫికెట్లు అసలువేనా అని చూసే ఏపీఎస్ అనే జర్మన్ సంస్థ తనిఖీ అవ్వాలి. మీకు అసలు ముడి వేరే ఉంది. అక్కడ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కి డిగ్రీలో కంప్యూటర్ సబ్జెక్టులు ఇన్ని క్రెడిట్లు చదివారా అని లెక్కపెడతారు. కెమిస్ట్రీ మార్కులు ఎన్నున్నా అక్కడ పనికిరావు. మళ్లీ బ్యాచిలర్స్ నుంచి మొదలుపెడదామంటే ఎక్కువ భాగం జర్మన్‌లోనే చెబుతారు. మీ స్నేహితుడు చెప్పిన ఫ్రీ ఎవరికో ఉంది, మీకు లేదు.

మరి మానుకోమంటున్నానా? లేదు. ఉద్యోగంలో ఉండే మొదలుపెట్టమంటున్నాను. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2021 నుంచి డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ నడుపుతున్నారు. ముందు నాలుగు వారాల పాఠాలు, ఆ తర్వాత అర్హత పరీక్ష. పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఫౌండేషన్‌లో లెక్కలు, స్టాటిస్టిక్స్, పైథాన్ వస్తాయి, డిప్లొమాలో డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌లు. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి, కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతూ ఇంటికొచ్చి, మళ్లీ లేచి అసైన్‌మెంట్ పూర్తిచేయగలరా అన్నది ఒక్క టర్ములో తేలిపోతుంది. 42 లక్షలు పెట్టాక తేలడం కన్నా ఇది నయం.

అది గట్టెక్కితే విదేశీ డిగ్రీ కూడా రణస్థలంలో కూర్చునే చదవొచ్చు. అమెరికాలో జార్జియా టెక్ 2014 నుంచి కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఆన్‌లైన్‌లో ఇస్తోంది. మొత్తం పది కోర్సులు. టర్ముకి ఒకటి చొప్పున చదివితే మూడేళ్ల పైన పడుతుంది. అన్నీ కలిపి ఏడు వేల డాలర్ల ప్రాంతంలో, అంటే ఆరేడు లక్షల్లో అయిపోతుంది, అదీ ఒక్కసారిగా కట్టక్కర్లేదు. కెమిస్ట్రీ మీద నేరుగా సీటు ఇస్తారనుకోకండి, ముందు చదివిన ప్రోగ్రామింగ్ కోర్సుల మార్కులే మీకు ఆధారం. దీనితో వీసా మాత్రం రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

మీరు మాక్రోల సంగతి ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అదే ముఖ్యంగా కనిపించింది. మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో డేటా ఎలా పుడుతుందో, ఆడిట్‌కి వచ్చినవాళ్లు ఆడిట్ ట్రయల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చూపే రికార్డు) ఎందుకు తెరిపిస్తారో మీకు పదేళ్లుగా తెలుసు. మందుల కంపెనీల్లో కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్ అనే పనికి, అంటే అక్కడి సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి రుజువు రాసిపెట్టే పనికి, సరిగ్గా ఈ రెండు తెలివీ కలిసినవాళ్లు కావాలి. ఇరవై రెండేళ్ల బీటెక్ కుర్రాడితో పోటీపడే చోటుకి కాకుండా, అతనికి తెలియనిది మీకు తెలిసిన చోటుకి వెళ్లండి. మీ కంపెనీలో ఆ డిపార్ట్‌మెంట్‌కి బదిలీ అడగడానికి దరఖాస్తు చాలు.

నాన్నగారి క్రియాటినిన్ గురించి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అదొక ధైర్యం. అయినా మందులకీ ప్రయాణాలకీ నగదు కావాలి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆయన పేరుందేమో ఈ వారంలోనే హెచ్ఆర్‌ని అడగండి. ఉంటే మీరు రాజీనామా చేసిన రోజున అదీ పోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బుకి మూడేళ్ల దాకా వేచి ఉండమనొచ్చు. అందుకే, ఎప్పుడో వెళ్లాలనుకున్నా, ఆ పాలసీ ఇప్పుడే మొదలవ్వాలి. మీ పేరున టర్మ్ పాలసీ కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రెండింటి ప్రీమియం మీదా జీఎస్టీ లేదు. ఎఫ్‌డీ కదపకండి, పీఎఫ్ అసలే వద్దు.

ఇంకొకటి. వీసాకి బ్యాలెన్స్ చూపించడానికి నెల రోజులకి డబ్బు సర్దుతామనేవాళ్లు మీకూ తగులుతారు. నా దగ్గరకొచ్చిన ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి అలాగే తెచ్చాడు. వీసా రాలేదు, వడ్డీ మాత్రం కట్టాడు.

రెండేళ్లు చదివాక కూడా వెళ్లాలనే ఉంటే అప్పటి ఫీజులతో, అప్పటి వీసా నిబంధనలతో ఇదే లెక్క మళ్లీ వేద్దాం. చేతిలో మార్కులుంటాయి, సీటు ఏ యూనివర్సిటీలో వస్తుందో తెలుస్తుంది, జాబితాలో ఉందో లేదో బ్యాంకే చెబుతుంది. తోట కొనేవాళ్లకి మాత్రం ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు మీరే వెళ్లి చెప్పండి, నాన్నగారి చేత చెప్పించకండి.