పే స్టబ్‌లో కోసే సోషల్ సెక్యూరిటీ డబ్బు ట్రెజరీ బాండ్లుగా ఎలా మారుతుంది?

ప్రశ్న: "హెచ్-1బి మీద పనిచేస్తున్నాను. ప్రతి జీతంలోనూ సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం కోస్తున్నారు. ఆ డబ్బు ప్రభుత్వం ఎప్పుడో ఖర్చుపెట్టేసిందని, ఇప్పుడు ఉన్నవి ఉత్త కాగితాలేనని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా? అసలు దాన్ని ఎలా మదుపు చేస్తారు?"

డబ్బు ఖర్చయిపోతుందన్న మాట నిజమేనండి. కాగితాలు ఉత్తవి అన్నది మాత్రం నిజం కాదు.

ముందు మీ 6.2 శాతం సంగతి. అందులో 5.3 శాతం వృద్ధాప్య, వారసుల ఫండ్‌కు, 0.9 శాతం వైకల్య ఫండ్‌కు వెళ్తుంది. కంపెనీ తన వంతుగా ఇంకో 6.2 కడుతుంది. 2025లో 1,76,100 డాలర్ల జీతం దాటాక ఈ కోత ఆగిపోతుంది. పక్కన కనిపించే 1.45 శాతం మెడికేర్ అనే వృద్ధుల ఆరోగ్య బీమాది. దాని ఫండ్ వేరు, మదుపు పద్ధతి మాత్రం ఇదే.

చాలామంది పొరబడేది ఇక్కడే: పెన్షన్లు నిర్ణయించే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఈ డబ్బును మదుపు చేయదు. ఆ పని ట్రెజరీది, అంటే అమెరికా ఆర్థిక శాఖది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంలోని 201(డి) సెక్షన్ ప్రకారం మేనేజింగ్ ట్రస్టీ, అంటే ట్రెజరీ సెక్రటరీ, వెంటనే చెల్లింపులకు అక్కర్లేని సొమ్మంతా వడ్డీ వచ్చే ప్రభుత్వ పత్రాల్లో పెట్టి తీరాలి. అసలుకూ వడ్డీకీ అమెరికా ప్రభుత్వం పూచీ ఉండాలి. షేర్లు, కంపెనీ బాండ్లు కుదరవు. కొంత భాగం షేర్లలో పెడదామని 1999లో క్లింటన్ ప్రతిపాదించారు గానీ అది సాగలేదు. రైల్వే ఉద్యోగుల పెన్షన్ నిధికి మాత్రం 2001 చట్టంతో ఆ వెసులుబాటు దొరికింది. మన ఈపీఎఫ్‌ఓతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది: అది మార్కెట్లో చేతులు మారే ప్రభుత్వ బాండ్లు కొంటుంది, 2015 నుంచి ఈటీఎఫ్‌ల ద్వారా షేర్లలోనూ కొంత పెడుతోంది.

ఇక రోజువారీ పని. కంపెనీ కట్టిన పన్ను నేరుగా ట్రస్ట్ ఫండ్‌లో పడదు, ప్రభుత్వ సాధారణ ఖజానాలో పడుతుంది. ఎవరి జీతం మీద ఎంత కోశారో ఆ పూటకు తెలియదు కాబట్టి, ట్రెజరీ అంచనా వేసి అంత మొత్తాన్ని ఫండ్ ఖాతాకు జమ రాస్తుంది. తర్వాత డబ్ల్యు-2లలోని (ఏటా కంపెనీ ఇచ్చే జీతం, పన్ను పత్రాలు) జీతాల లెక్క తేలాక హెచ్చుతగ్గులు సరిచేస్తారు. జమ పడిన రోజే దానికి బదులుగా 'సర్టిఫికెట్ ఆఫ్ ఇండెటెడ్‌నెస్' అనే స్వల్పకాలిక పత్రం ఫండ్ పేరిట పుడుతుంది. ఏ రోజు పుట్టినా దాని గడువు రాబోయే జూన్ 30. ఖజానాలోకి వచ్చిన నగదు మాత్రం సైన్యం జీతాలకో, రోడ్లకో, పాత అప్పులకో పోతుంది. దీన్నే "ఖర్చుపెట్టేశారు" అంటున్నారు. ఏ ప్రభుత్వ బాండు ఎవరు కొన్నా జరిగేది ఇదే.

జూన్ 30 వీళ్లకు పెద్ద పండగ. ఆ రోజు సర్టిఫికెట్లన్నీ, గడువు తీరిన బాండ్లూ కలిపి, మిగిలిన సొమ్ముతో కొత్త ప్రత్యేక బాండ్లు (ప్రభుత్వ ఫండ్లకే ఇచ్చేవి, మార్కెట్లో చేతులు మారనివి) తీసుకుంటారు. వాటి గడువులను 1 నుంచి 15 ఏళ్ల దాకా పరుస్తారు, ఏటా చేతికొచ్చే మొత్తం దాదాపు సమానంగా ఉండేలా. బాండ్ల మీద వడ్డీ జూన్ 30న, డిసెంబర్ 31న జమవుతుంది. అదీ నగదుగా రాదు, మళ్లీ పత్రాలుగానే.

వడ్డీ రేటు ఎవరి ఇష్టమూ కాదు, 1960లో చట్టంలో పెట్టిన సూత్రం. ముందు నెల చివరి పనిదినాన, ఇంకా నాలుగేళ్లకు పైగా గడువున్న మార్కెట్ ట్రెజరీ పత్రాలన్నిటి సగటు రాబడి చూస్తారు. దాన్ని శాతంలో ఎనిమిదో వంతుకు, అంటే 0.125కు, దగ్గరగా సర్దుతారు. సగటు 4.43 వచ్చిందనుకోండి, 4.375 అవుతుంది, 4.45 అయితే 4.5. ఆ నెలలో పుట్టే పత్రాలన్నిటికీ అదే రేటు. పదిహేనేళ్ల బాండుకూ, కొద్ది రోజుల్లో తీరిపోయే సర్టిఫికెట్‌కూ తేడా లేదు. ఈ సంగతి తెలియక దీర్ఘకాలిక బాండ్లకు ఎక్కువ వడ్డీ వస్తుందని లెక్కలు వేసుకునేవాళ్లు ఉన్నారు. ఏడాదంతా కూడిన సొమ్ముకు జూన్ నెల రేటే తగులుకుంటుంది కాబట్టి ఆ ఒక్క నెల చాలా కీలకం. 2020 జూన్‌లో ఆ రేటు ఒక శాతం కన్నా తక్కువ. అప్పటి బాండ్లు ఇంకా ఖాతాలో ఉండి మొత్తం రాబడిని కిందికి లాగుతున్నాయి. 2023లో సగటున వచ్చింది దాదాపు 2.4 శాతమే.

అయితే ఈ ప్రత్యేక బాండ్లకు మార్కెట్ బాండుకు లేని సుగుణం ఒకటుంది. ఎప్పుడు తిరిగిచ్చినా పూర్తి ముఖ విలువ వస్తుంది. 2022లో రేట్లు పెరిగినప్పుడు బాండ్లు పట్టుకున్న బ్యాంకులు విలువ పడిపోయి విలవిల్లాడాయి. ఈ ఫండ్‌కు ఆ బాధ లేదు. మరి 2020 నాటి బాండ్లు ఇచ్చేసి కొత్త రేటుకు ఎందుకు మార్చుకోరు? వీలుంది, కానీ ఆచరణలో చేయరు. ఆ లాభం ఖజానా జేబులోంచే రావాలి కదా. చెల్లింపులకు కావలసినప్పుడు మాత్రమే తీస్తారు. ఆ వరస కూడా ఖాయం: గడువు ముందుగా తీరేవి ముందు, ఒకే గడువున్న వాటిలో తక్కువ వడ్డీవి ముందు. నెలలో మూడో తేదీన, రెండు, మూడు, నాలుగో బుధవారాల్లో పెన్షన్లు పడతాయి కాబట్టి పెద్ద మొత్తాలు ఆ రోజుల్లోనే తగ్గుతాయి.

అన్ని ప్రభుత్వ నిధులకూ ఈ ముఖ విలువ హామీ ఉండదు. బ్యాంకు డిపాజిట్ల బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ లాంటివి ట్రెజరీ దగ్గరే, మార్కెట్ ధరను అద్దంలా చూపే పత్రాలు కొంటాయి. వాటిని గడువుకు ముందే అమ్మాల్సి వస్తే ఆ రోజు ధరే వస్తుంది, నష్టమూ రావచ్చు.

కాగితాల మాట నిజానికి ఒకచోట పుట్టింది. 1994 చట్టం ప్రకారం ఈ బాండ్లకు అచ్చైన పత్రాలు ఉండాలి. అవి వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్‌లో ఒక ఫైలు బీరువాలో ఉంటాయి. 2005 ఏప్రిల్‌లో బుష్ అక్కడికి వెళ్లి చూసి "ఇవి అప్పు పత్రాలే" అన్న ధోరణిలో మాట్లాడారు. ఆ మాట పట్టుకున్నవాళ్లు, చైనా, జపాన్ కొన్న బాండ్లు కూడా అప్పు పత్రాలేనని మర్చిపోతారు.

అసలు చిక్కు వేరే ఉంది. 2021 నుంచి ఖర్చు, వడ్డీతో కలిపిన మొత్తం ఆదాయాన్ని మించింది. 2024 చివరికి రెండు ఫండ్లలో కలిపి సుమారు 2.72 ట్రిలియన్ డాలర్లు, అంటే 2.72 లక్షల కోట్లు మిగిలాయి. ఫండ్ ఒక బాండు తిరిగిచ్చినప్పుడు ఖజానా ఆ నగదును బయట అప్పు చేసి తేవాలి. ఈ ప్రత్యేక బాండ్లు కూడా అప్పు పరిమితి (ప్రభుత్వ అప్పు దాటకూడదని చట్టం పెట్టిన గీత) లెక్కలోకి వస్తాయి. లోపలి అప్పు తగ్గి అంతే మేరకు బయటి అప్పు పెరుగుతుంది కాబట్టి పరిమితి గీతను దాటినట్టు కాదు. 1985లో ఆ గీత దగ్గర ట్రెజరీ ఈ ఫండ్ల బాండ్లను ముందే రద్దు చేసి నగదు వెసులుబాటు చేసుకుంది. గోల అయింది. 1996 చట్టంతో ఆ పని నిషేధించారు. అందుకే 2023లో సర్దుబాటు కోసం సివిల్ సర్వీస్ పెన్షన్ నిధిని, ఫెడరల్ ఉద్యోగుల పొదుపు పథకంలోని జి ఫండ్‌ను తాత్కాలికంగా వాడుకుని, తర్వాత వడ్డీతో సహా పూడ్చారు.

2025 ట్రస్టీల నివేదిక ప్రకారం వృద్ధాప్య ఫండ్ నిల్వ 2033లో అడుగంటుతుంది. అంటే పెన్షన్ సున్నా అని కాదు. అప్పటికి వచ్చే పన్నులతో 77 శాతం చెల్లించవచ్చని అంచనా. చట్టం మారకపోతే మిగతాది కోతే.

మీ వంతు లెక్క మాత్రం వీటన్నిటికీ అతీతం. పెన్షన్‌కు 40 క్రెడిట్లు కావాలి. 2025లో 1,810 డాలర్ల జీతానికి ఒక క్రెడిట్, ఏడాదికి నాలుగుకు మించవు. భారత్‌తో సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు కాబట్టి ఇక్కడ కట్టిన ఏళ్లను అక్కడి ఈపీఎఫ్‌తో కలపలేరు. ఏడెనిమిదేళ్లు పనిచేసి తిరిగి వెళ్లిపోదామనుకుంటే, సోషల్ సెక్యూరిటీ సంస్థ (ఎస్‌ఎస్‌ఏ) సైట్లో ఖాతా తెరిచి మీ క్రెడిట్లు ఎన్నో ముందు చూసుకోండి. ప్రతి బాండు రేటు, గడువు చూడాలన్నా అదే సంస్థ యాక్చువరీ (దీర్ఘకాలిక లెక్కలు కట్టే విభాగం) పేజీలో నెలనెలా పెడతారు. అందులో జూన్ 30 వరసలే చూడాల్సినవి.