చైన్ సా కొనడానికి 80 వేలు ఇవ్వాలా? చెట్ల పనిలో ఉన్న అబ్బాయి తండ్రికి జవాబు

రావులపాలెం దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అబ్బాయికి 22 ఏళ్లు. హార్టికల్చర్ డిప్లొమా చేశాడు. ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర అపార్ట్‌మెంట్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో చెట్ల కొమ్మలు కొట్టే పని చేస్తున్నాడు. ఇప్పుడు సొంతంగా పెట్టుకుంటానని, చైన్ సా, అదే మోటారు రంపం, కొనడానికి 80 వేలు ఇమ్మంటున్నాడు. చదువుకుని చెట్లెక్కడమేంటని వాళ్లమ్మ ఏడుస్తోంది. నాకేమో ఎక్కడ పడిపోతాడోనని టెన్షన్. ఇమ్మంటారా, వద్దంటారా?"

ఇవ్వండి సార్. కాకపోతే మెషిన్ కోసం కాదు. ముందు అబ్బాయిని చెట్టు మీద భద్రంగా కూర్చోబెట్టే సామానుకు, ఆ సామాను వాడటం నేర్పే ట్రైనింగ్‌కు ఇవ్వండి. మెషిన్ అన్నిటికన్నా చివర. నన్ను అడిగే కుర్రాళ్లందరూ మొదటి ప్రశ్నగా "ఏ సా కొనాలి" అనే అడుగుతారు, ఇంతవరకు ఒక్కడు కూడా "ఏ తాడు కొనాలి" అని అడగలేదు. నాకు భయం వేసేది అక్కడే.

అమ్మగారి బాధ గురించి ఒక మాట. కొమ్మ కొట్టడం ఎవరైనా చేస్తారు. ఏ కొమ్మను ఎక్కడ కోస్తే చెట్టు గాయం మాన్చుకుంటుందో, ఏ నిద్రగన్నేరు లోపల పుచ్చిపోయి వచ్చే మే నెల గాలివానకు కారు మీద పడబోతోందో చూసి చెప్పగలిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, సింగపూర్‌లో ఆ పని చేసేవాళ్లను ఆర్బరిస్ట్ అంటారు, దానికి పరీక్షలు, సర్టిఫికెట్లు ఉన్నాయి. మీవాడి డిప్లొమా ఈ పనికి పనికిరానిది కాదమ్మా, సరిగ్గా ఈ పనికే కావలసింది.

ఇక సామాను. ఈ రాత్రే అబ్బాయికి ఫోన్ చేసి, ఇప్పుడు వేసుకుంటున్న బెల్టు ఫొటో పంపమనండి. నా అంచనా, అది బిల్డింగ్ పనుల్లో వాడే ఫుల్ బాడీ హార్నెస్ అయ్యుంటుంది, వీపు మీద రింగు ఉండేది. అది చెడ్డదేమీ కాదు, మనిషి జారితే పట్టుకోవడానికి చేసింది. కానీ చెట్ల పనిలో మనిషి గంటల తరబడి తాడు మీదే కూర్చుని, మాను వైపు తిరిగి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని పని చేయాలి. వీపు రింగుకు వేలాడుతూ అది కుదరదు, కుదరక ఏం చేస్తారంటే బెల్టు విప్పేసి కొమ్మ మీద నిలబడి కొడతారు. చెట్ల కోసమే చేసే హార్నెస్‌కు నడుము దగ్గర వెడల్పాటి పట్టీ, తొడలకు పట్టీలు, ముందు ఒక రింగు, పక్కల రెండు రింగులు ఉంటాయి. ఖరీదు ఎక్కువే, బయటి దేశాల సరుకు కాబట్టి ఇంకా ఎక్కువ. అయినా మొదటి ఖర్చు ఇదే.

రెండోది తాడు. హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన తూచి ఇచ్చే నైలాన్ తాడు మనిషి కోసం చేసింది కాదు, ఎంత బరువు ఆపుతుందో దాని మీద ఎక్కడా రాసి ఉండదు. చెట్లెక్కే తాడు సాధారణంగా 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, పెద్దగా సాగదు, తయారీ వివరాల చీటీ దానితో వస్తుంది. కొన్న తేదీ ఆ చీటీ మీదే రాయించండి. కోసిన కొమ్మలను దించడానికి వేరే తాడు ఉండాలి, ఒకసారి కొమ్మ దించిన తాడును మళ్లీ మనిషికి కట్టకూడదు, ఎందుకంటే బరువైన కొమ్మ ఒక్కసారి జర్కు ఇస్తే తాడు లోపల ఏం తెగిందో పైకి కనపడదు. తాడుకూ హార్నెస్‌కూ మధ్య ఉండే కొక్కేలు, అదే కారాబైనర్లు, తమంతట తామే లాక్ పడే రకం కావాలి, ఎంత బలం ఆపుతుందో చెప్పే కొలత కిలోన్యూటన్, పక్కన అది 22 అనో అంతకంటే ఎక్కువో అచ్చు వేసి ఉండాలి. తాళాల గుత్తికి వేసుకునేవి చూడటానికి అలాగే ఉంటాయి, జాగ్రత్త.

ఇంకొకటి, ఇది నేను పదే పదే చెప్పే విషయం. రంపం చేతిలో ఉన్నంతసేపు మనిషి రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఒకటి పై నుంచి వచ్చే తాడు, రెండోది మాను చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకునే లాన్‌యార్డ్, లోపల ఉక్కు తీగ ఉన్నదైతే మేలు. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక కుర్రాడు, పేరు వద్దు, పచ్చతురాయి మీద కొమ్మ కోస్తూ దాని వెనకే బిగిసి ఉన్న తన తాడును తనే కోసుకున్నాడు. ఉన్నది ఆ ఒక్క తాడే. ఎనిమిది అడుగుల ఎత్తే కాబట్టి మడమ విరగడంతో పోయింది. పంపిన కాంట్రాక్టర్ ఆసుపత్రి ఖర్చుల్లో రూపాయి ఇవ్వలేదు. తాడు మంచిదే సార్, రెండోది లేకపోవడమే తప్పు.

హెల్మెట్ గురించి చాలామందికి తెలియనిది ఏంటంటే, సైట్లలో పెట్టుకునే హెల్మెట్‌కు గడ్డం పట్టీ ఉన్నా అది గట్టిగా లాగితే ఊడిపోయేలా చేస్తారు, దేనికైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకోకూడదని. ఎక్కేవాళ్లకు కావలసింది దానికి వ్యతిరేకం, పడేటప్పుడు కూడా తల మీదే ఉండాలి. ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం, ఈఎన్ 397 అని రాసి ఉంటే మొదటి రకం, ఈఎన్ 12492 అని ఉంటే కొండలెక్కేవాళ్ల రకం. చెవులకు మఫ్స్ కూడా తప్పనిసరి. చైన్ సా చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, రోజూ వింటే వినికిడి దెబ్బతింటుంది.

ప్యాంటు మీద డబ్బులు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు, నాకు తెలుసు. చైన్ సా ప్యాంటులో పొరలు పొరలుగా పొడవాటి దారాలు ఉంటాయి, తిరిగే చైన్ తగిలిన క్షణంలో అవి బయటికి ఊడి వచ్చి చక్రానికి చుట్టుకుని మెషిన్‌ను ఆపేస్తాయి. ప్యాంటు మీద క్లాస్ 1 అని ఉంటే, అది సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే చైన్‌తో పరీక్షించింది. నేల మీద పనికి ముందు వైపు రక్షణ ఉన్న టైప్ ఏ చాలు, చెట్టు మీద కాళ్లు ఎటుపడితే అటు తిరుగుతాయి కాబట్టి చుట్టూ రక్షణ ఉండే టైప్ సి కావాలి. మన ఎండలకు అది ఉడికిస్తుంది, నిజమే. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు దిగిపోవాలి, అంతే గానీ లుంగీ కట్టుకుని చైన్ సా పట్టుకోకూడదు.

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి. తెలంగాణలో గీత కార్మికుల కోసం 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, మోకుతో ఎక్కే పద్ధతికి రక్షణ జోడించడమే వాటి ఉద్దేశం. మీ కోనసీమ దింపు కార్మికులకు తెలిసిన కొబ్బరి చెట్టెక్కే మెషిన్, రెండు పాదాలకు రెండు ఇనప ఫ్రేములు, మాను చుట్టూ వైరు తాడు, అది కేరళలోని చెంబేరి నుంచి వచ్చిన డిజైన్. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో మొదలుపెట్టిన ఆరు రోజుల శిక్షణలో దాన్నే నేర్పారు. బోర్డు ఆఫీసు విజయవాడలో ఉంది, ఇప్పుడు బ్యాచ్‌లు ఎప్పుడో కనుక్కోండి. అయితే ఆ మెషిన్ కొమ్మల్లేని మానుకే పనికొస్తుంది, వేపకో మర్రికో పనికిరాదు. అలాగే బూట్లకు తగిలించుకునే ఇనప ముళ్లు ఉంటాయి, వాటిని పూర్తిగా కొట్టేసే చెట్టుకే వాడాలి. బతకాల్సిన చెట్టును ముళ్లతో ఎక్కితే ప్రతి అడుగూ ఒక గాయమే.

ఇప్పుడు రంపం. బాబూ, ఇది నీకే చెబుతున్నాను. ముందు మంచి చేతి రంపం కొను, వంపు తిరిగి, లాగినప్పుడు కోసేది. చేయి లావు కొమ్మ వరకు దానితో కోయొచ్చు, చెట్టు మీద నీ పని చాలావరకు అదే. ఆన్‌లైన్‌లో ఆరేడు వేలకు దొరికే 58 సీసీ, 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి రేకు) ఉన్న మెషిన్ చూసి మోజు పడకు. అది బరువు, నీకు అంత బార్ అవసరం లేదు, స్పేర్ పార్టు దొరకదు. నేల మీద ముక్కలు చేయడానికి 35 నుంచి 45 సీసీ, 14 లేదా 16 అంగుళాల బార్ చాలు. మీ ఊరికి దగ్గర్లో డీలర్, మెకానిక్ ఉన్న బ్రాండే తీసుకో, స్టిల్ కావచ్చు, హస్క్‌వర్నా కావచ్చు. షాపులోనే చైన్ బ్రేక్ పని చేస్తుందో లేదో చూపించమను. బార్ ముక్కు పై భాగం దేనికైనా తగిలితే మెషిన్ రెప్పపాటులో నీ మొహం మీదకు ఎగురుతుంది, అప్పుడు చైన్‌ను ఆపేది ఆ బ్రేకే. భుజం ఎత్తుకు మించి కోయకు. ఒంటి చేత్తో అస్సలు వద్దు. పైన పిడి ఉండే చిన్న మెషిన్, చెట్టు మీద వాడేది, తాడు మీద కనీసం ఒక సంవత్సరం పని చేశాకే కొను.

కంపెనీ చెప్పిన ఆయిల్ కలుపు, ఎక్కువ మెషిన్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. ఆకురాయి పట్టడం నేర్చుకో, చైన్‌ను బట్టి 4 లేదా 4.8 మిల్లీమీటర్ల గుండ్రటిది. పదునుంటే చెక్క పెచ్చులుగా వస్తుంది, పొడి రాలుతోందంటే మొద్దుబారినట్టే, అప్పుడు నువ్వు నొక్కడం మొదలుపెడతావు, నొక్కినప్పుడే జారుతుంది.

పెద్ద కొమ్మను ఒకే కోతతో కోయొద్దు. మానుకు ఒక అడుగు దూరంలో కింది నుంచి కొంచెం, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా, కొమ్మ పడిపోయాక మిగిలిన మొద్దును మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడకు బయట. అలా కాకపోతే బెరడు మాను పొడవునా చీరుకుపోతుంది. తుపానుకు పడిపోయిన చెట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయాయి, అలాంటి రోజుల్లో డబ్బులు బాగా వస్తాయని అనుభవం లేనివాళ్లు కూడా రంపం పట్టుకుని వెళతారు. పడిపోయిన మాను ఒకవైపు వంగి, స్ప్రింగులా బిగిసి ఉంటుంది. ఎటు బిగుసుకుందో చూడకుండా కోస్తే బార్‌ను నొక్కేస్తుంది, లేదా మనిషిని కొడుతుంది.

కరెంటు తీగల పక్కన చెట్టయితే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగల్లో కరెంటు ఆపించడం) తీసుకున్నానని చెప్పేదాకా నిచ్చెన కూడా వేయొద్దు. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, అల్యూమినియం గెడ సంగతి చెప్పక్కర్లేదు. ఇక చెట్టు మొత్తం కొట్టాలంటే 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి తీసుకోవాలి, మినహాయించిన కొన్ని రకాలు తప్ప. అనుమతి కాగితం చూడకుండా ఏ కాలనీ ప్రెసిడెంట్ మాట మీదా పని మొదలుపెట్టకు.

ట్రైనింగ్ ఎక్కడ అంటే, సార్, చెట్ల పని ఒక్కటే నేర్పే సంస్థలు మన రాష్ట్రాల్లో అంతగా లేవు. తాడు పని నేర్పేవి ఉన్నాయి. ఇరాటా అని రోప్ యాక్సెస్ సర్టిఫికెట్ ఉంది, లెవెల్ 1కి నాలుగు రోజుల శిక్షణ, ఐదో రోజు పరీక్ష, మన దేశంలోనూ సెంటర్లు ఉన్నాయి. చెట్ల పనికి అది పూర్తిగా సరిపోదు, కానీ తాడు మీద భయం, నిర్లక్ష్యం రెండూ పోతాయి, పైగా గాలిమరల కంపెనీల్లో, పెద్ద బిల్డింగుల పనుల్లో కూడా ఉద్యోగానికి పనికొస్తుంది. మూడేళ్ల పూర్తికాలపు అనుభవం చూపిస్తే ఐఎస్ఏ (అంతర్జాతీయ ఆర్బరిస్టుల సంఘం) వాళ్ల సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ పరీక్షకు కూర్చోవచ్చు, సింగపూర్ వెళ్లాలన్నా ఇక్కడ కన్సల్టెంట్‌గా నిలబడాలన్నా దానికి విలువ ఉంది. అందుకని ఇప్పుడున్న కాంట్రాక్టర్ దగ్గర పని చేసిన ఏడాదికి తేదీలతో లెటర్ తీసుకోమనండి, గొడవపడి బయటికి రాకముందే.

80 వేల లెక్క ఇలా చూడండి. సగానికి పైగా హార్నెస్, తాళ్లు, కారాబైనర్లు, హెల్మెట్, ప్యాంటుకు పోతుంది. ప్రమాద బీమా ఈ వారమే చేయించండి, అది పెద్ద ఖర్చు కాదు. మిగిలింది శిక్షణకు. ఒకవేళ చాలకపోతే ఇంకో ఆరు నెలలు అక్కడే పని చేసి కూడబెట్టుకోమనండి, నేల మీద మెషిన్ అద్దెకు దొరుకుతుంది, హార్నెస్ అద్దెకు తెచ్చుకోకూడదు.

డబ్బు చేతిలో పెట్టే ముందు అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి: నువ్వు ముప్పై అడుగుల పైన స్పృహ తప్పి తాడుకు వేలాడుతుంటే పైకొచ్చి నిన్ను దించేది ఎవరు? అలా వేలాడే మనిషిని నిమిషాల్లో దించాలి, ఫైరింజన్ వచ్చేదాకా ఆగితే ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి కింద ఎప్పుడూ రెండో మనిషి, ఎక్కడం వచ్చినవాడు, తనకంటూ వేరే హార్నెస్, తాడు ఉన్నవాడు ఉండాలి. అబ్బాయి ఒక పేరు చెప్పగలిగితే ఆ కుర్రాడిని కూడా ఇంటికి పిలిపించి మాట్లాడండి. చెప్పలేకపోతే అలాంటివాడు దొరికేదాకా డబ్బు మీ దగ్గరే ఉంచండి.