మీరడిగారు: ఛానెల్ 21 మైళ్ళు, ఆరతి సాహా ఈదింది 42 మైళ్ళా?

ప్రశ్న: ఇంగ్లండు, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రమైన ఇంగ్లిష్ ఛానెల్ వెడల్పు 21 మైళ్ళంటారు. 1959లో మన బెంగాలీ ఈతగత్తె ఆరతి సాహా 42 మైళ్ళు ఈదిందని చదివాను. ఏది నిజం? మొదటిసారి ఆమె ఎందుకు దాటలేకపోయింది?
– పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: రెండూ నిజమేనండీ. బాగా ఇరుకైన చోట మ్యాపు మీద గీత గీస్తే 21 మైళ్ళు, అంటే దాదాపు 34 కి.మీ. కానీ నీళ్ళు ఆ గీతకు అడ్డంగా పారతాయి. సుమారు ఆరు గంటలు ఒకవైపు, మళ్ళీ ఆరు గంటలు రెండోవైపు. గంటకు 3 కి.మీ. ఈదే మనిషిని అంతకన్నా వేగంగా పక్కకు ఈడ్చేస్తాయి. ఎదురీదితే ఒంట్లో సత్తువ పోవడం తప్ప ఫలితం ఉండదు. అవతలి ఒడ్డుకేసి బారలు వేస్తూ పోవాలి, దారి పాములా మెలికలు తిరిగినా సరే. మన 50 మీటర్ల కొలనులో 21 మైళ్ళంటే 670 పైచిలుకు పొడవులు. 42 మైళ్ళంటే 1,350.

మొదటి ప్రయత్నం ఆగస్టు 27న, ఒక పందెంలో. అష్టమి ప్రాంతంలో పోటు మెత్తగా ఉంటుందని మన కోస్తా జాలర్లెవరైనా చెబుతారు. ఆ రోజు తిథి అలాంటిదే. వేళే తప్పింది: వెంట రావలసిన పడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ కాసేపటికేం అనిపిస్తుంది. కానీ ప్రవాహం తిరిగే వేళకు ఎక్కడున్నామన్నదే ఇక్కడ అసలు లెక్క. గంటల తరబడి ఈది, ఇంగ్లండు తీరం ఇంకో 5 మైళ్ళుందనగా ఎదురు ప్రవాహంలో చిక్కుకుని విరమించుకోవలసి వచ్చింది.

నెల తిరిగాక సెప్టెంబరు 29న మళ్ళీ దిగింది. ఈసారి అమావాస్య దగ్గరపడి పోటు పెరుగుతున్న రోజులు! అయినా ఫ్రాన్స్‌లోని గ్రీ నే నుంచి ఇంగ్లండులోని శాండ్‌గేట్‌కు 16 గంటల 20 నిమిషాల్లో చేరింది. ఛానెల్ దాటిన తొలి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ వచ్చింది.

ప్రశ్న: 1952 ఒలింపిక్స్‌లో ఆమె టైము మరీ ఎక్కువ కదా?
– పాఠకుడు, తార్నాక

జవాబు: హెల్సింకీలో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను (కప్పలా ఈదే పద్ధతి) 3 నిమిషాల 40.8 సెకన్లలో ఈదింది. అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. పైగా బటర్‌ఫ్లైలోలాగా చేతులు నీటిపైనుంచి విసిరినా ఆ రోజుల్లో బ్రెస్ట్‌స్ట్రోక్ కిందే లెక్క. బంగారు పతకం గెలిచిన హంగరీ ఈతగత్తె ఎవా సేకెయ్ ఈదింది ఆ వేగమైన తీరులోనే. ఆ తర్వాతే రెండిటినీ విడదీశారు.

ప్రశ్న: మా అమ్మాయి గచ్చిబౌలి కొలనులో ఆగకుండా 5 కి.మీ. ఈదుతుంది. ఛానెల్‌కు ఇంకేం కావాలి?
– ఒక తల్లి, కొండాపూర్

జవాబు: చలికి తట్టుకోవడం. ముందు 16 డిగ్రీలు, అంతకన్నా చల్లని నీళ్ళలో ఆరు గంటలు ఈది చూపించాలి. హైదరాబాద్ వేసవిలో కొలను నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి కాబట్టి ఆ సాధన ఇక్కడ కుదరదు. చల్లటి ఊరికి వెళ్ళాల్సిందే. ఒంటికి వెట్‌సూట్ (ఒళ్ళు వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తు) పనికిరాదు. మెడ, చంకలు ఒరుసుకోకుండా గ్రీజు రాసుకోవచ్చు. అరగంటకోసారి తాడుకు కట్టిన సీసాలో గోరువెచ్చని పానీయం అందిస్తారు. తాగేటప్పుడు పడవను ముట్టుకుంటే ఈత చెల్లదు. పడవలో ఉన్నవాళ్ళు ప్రతిసారీ నిమిషానికి ఎన్ని బారలో లెక్కపెట్టాలి. 60 ఉన్నది 45కు పడిపోయి, పేరడిగితే మాట తడబడిందంటే, పిల్ల వద్దన్నా సరే, పైకి లాగేయాలి.