మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మావారు కరెంటు బిల్లు ఎప్పుడూ ఆఖరి తేదీ దాటాకే కడతారు, ఫైను కూడా పడుద్ది. కాలేజీలో చదివే మా అబ్బాయి ఆయన్ని ‘కంక్టేటర్’ అంటున్నాడు. ఇది తిట్టా, పొగడ్తా? (ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: రెండూనమ్మా. లాటిన్‌లో ‘కంక్టారి’ అంటే ఆలస్యం చెయ్యడం, దానికి ‘టోర్’ చేరిస్తే ఆ పని చేసేవాడు, మన ‘వేటకాడు’లో ‘కాడు’ లాగన్నమాట. ఆడవాళ్ళయితే ‘ట్రిక్స్’ అని రావాలి. ఇంకో తమాషా, ఈ క్రియ చూడ్డానికి కర్మణి రూపంలో ఉంటది గానీ అర్థం మాత్రం కర్తరే, అంటే రూపం ‘చేయబడెను’ టైపు, భావం ‘చేశాడు’. ఇలాంటి క్రియల్ని డిపోనెంట్ అంటారు.

ఇక పొగడ్త సంగతి. క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాని హానిబాల్ ఇటలీలోని ట్రసిమీన్ సరస్సు దగ్గర రోమన్లని చితక్కొట్టాక రోమన్లు ఫేబియస్ అనే ఆయన్ని డిక్టేటర్‌ని (ఆపదలో కొన్నాళ్ళకి సర్వాధికారాలూ ఇచ్చే పదవి) చేశారు, ఆయనేమో ఎదురెళ్ళి కొట్టకుండా వెనకాలే తిరుగుతూ శత్రువుకి తిండి దొరక్కుండా నాన్చాడు, జనం పిరికోడని తిట్టారు. మర్సటేడు కేనే అనే చోట వేరే రోమన్ సేనానులు తొందరపడి సైన్యాన్నంతా పోగొట్టుకున్నాకగానీ ఆయన విలువ తెలీలేదు, తర్వాత ‘కంక్టేటర్’ అన్న పేరే ఆయనకి బిరుదైపోయింది. 1884లో లండన్‌లో పెట్టిన ఫేబియన్ సొసైటీ (మెల్లమెల్లగా మార్పు తేవాలనే సోషలిస్టుల సంఘం) పేరు కూడా ఈయన్ని బట్టే.

ఉత్త బద్ధకానికైతే ‘ప్రొక్రాస్టినేటర్’ కరెక్టు, అందులో ‘క్రాస్’ అంటే రేపు. మీ ఊళ్ళో ఒడియావాళ్ళ ‘కాలి’ నిన్నకీ రేపటికీ కూడా పనికొస్తది కాబట్టి మీవారికి అదే సుఖం! గీతలో దీనికి ‘దీర్ఘసూత్రి’ అన్నారు, 18వ అధ్యాయంలో, తామసుల లిస్టులో. ఫైను కట్టేవాళ్ళకి ఫేబియస్ బిరుదు మాత్రం ఇవ్వలేం.